గడియారం పట్టి చేర్చుకుంటారు, గాల్లో మార్కులేసి పంపుతారు: బీపీఈడీ మూల్యాంకనంపై బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే బీపీఈడీ కోర్సులు నడుపుతున్న విశ్వవిద్యాలయాల పాఠ్య మండళ్ల సభ్యులకు, పరీక్షల విభాగాల అధికారులకు, ప్రాక్టికల్ ఎగ్జామినర్లుగా వెళ్తున్న అధ్యాపకులకు నమస్కారం.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేస్తున్న కొందరు వ్యాయామ ఉపాధ్యాయుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ఏటా మా బడులకు బీపీఈడీ విద్యార్థులు టీచింగ్ ప్రాక్టీసుకు వస్తారు. మీరిచ్చే పట్టా ఏపాటిదో మొదట తెలిసేది మా గ్రౌండుల్లోనే. ప్రాక్టికల్ పరీక్షల్లో మార్కులు పద్ధతి లేకుండా పడుతున్నాయని ఒక విశ్వవిద్యాలయానికి వినతిపత్రం ఇచ్చాం. పరిశీలిస్తామన్నారు. గుర్తు చేస్తూ మళ్లీ రాశాం. అందినట్టు సంతకం తిరిగొచ్చింది, జవాబు రాలేదు. ఈలోగా ఇంకో బ్యాచ్ పరీక్షలు ముగించుకుని పట్టాలు తీసుకుని వెళ్లిపోయింది. అందుకే ఇప్పుడు మాట బయట పెడుతున్నాం. మీలో చాలామంది మాకు పాఠం చెప్పినవారే. ఆ గౌరవం ఉంచుకునే, ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

ముందు అందరికీ తెలిసిన సంగతి. బీపీఈడీ ప్రవేశ పరీక్ష పీఈసెట్‌కు 500 మార్కులు. శారీరక సామర్థ్య పరీక్షకు 400, ఆటలో నైపుణ్యానికి 100. అబ్బాయిలకు 100 మీటర్లు, 800 మీటర్లు, షాట్‌పుట్, లాంగ్‌జంప్ లేదా హైజంప్. అమ్మాయిలకు 800 బదులు 400 మీటర్లు. గుండు ఎక్కడ పడిందో టేపు పెట్టి కొలుస్తారు. పరుగుకు గడియారం పట్టి సెకనులో పదో వంతు కూడా రాస్తారు. ఆ పదో వంతు తేడాతోనే ర్యాంకులు తారుమారవుతాయి. పిల్లలు పొలాల గట్ల మీద, రోడ్ల పక్కన నెలల తరబడి పరిగెత్తి సాధన చేసేది దానికోసమే. అభ్యర్థి ఎంత దూరం విసిరాడో చూపిస్తారు, దానికి ఎన్ని మార్కులో పట్టికలో ఉంటుంది. గొడవ లేదు.

అంత లెక్కగా చేర్చుకున్న పిల్లవాణ్ని పంపేటప్పుడు ఏం జరుగుతోంది? ఎక్స్‌టర్నల్ గారు, అంటే బయటినుంచి వచ్చే ఎగ్జామినర్, పొద్దున పదింటికి దిగుతారు. ముందు టిఫిను, టీ. గ్రౌండులో యాభై అరవై మంది తెల్ల బట్టలు వేసుకుని నిలబడి ఉంటారు. భోజనాల్లోపు ట్రాక్ అండ్ ఫీల్డ్, తర్వాత రెండు ఆటలు, సాయంత్రం బస్సు అందుకునేలోపు వైవా (నోటి ప్రశ్నలు), రికార్డులు. ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలు.

"నీ గేమేంటి నాయనా?"

"వాలీబాల్ సార్."

"కోర్టు కొలతలు?"

"18 ఇంటూ 9 సార్."

"నెట్ హైటు?"

"మెన్‌కి 2.43 సార్."

"సరే, వెళ్లు."

వాలీబాల్ ప్రాక్టికల్ అయిపోయింది. బంతి సంచిలోంచి బయటికి రాలేదు. ఆ అబ్బాయికి సర్వీస్ చేయడం వచ్చో రాదో, ఆరో తరగతి పిల్లకు సర్వీస్ నేర్పించడం వచ్చో రాదో కాగితం మీద ఎక్కడా లేదు. మార్కు మాత్రం ఉంది. అందరి మార్కులూ ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. కాలేజీ జట్టులో రెండేళ్లూ ఆడిన పిల్లకూ, గ్రౌండు మొహం చూడని వాడికీ నాలుగైదు మార్కుల తేడా. ఆ తేడా కూడా ఎందుకొచ్చిందో అడిగితే చెప్పేవారు లేరు. ఇలా జరగని కాలేజీలు లేవని కాదు. ఉన్నాయి. పద్ధతి ఉండి కాదు, అక్కడ ఒకరిద్దరు పట్టుదలగా పనిచేసేవాళ్లు ఉండబట్టి. వాళ్లు బదిలీ అయ్యాక చూడాలి.

ఇందులో వింత ఏమిటంటే, మూల్యాంకనం ఎలా చేయాలో ఇదే కోర్సులో పాఠంగా చెప్తారు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలతో బీపీఈడీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు అయింది. చివరి సెమిస్టరులో మెజర్‌మెంట్ అండ్ ఇవాల్యుయేషన్ అనే పేపరుంది. పరీక్షకు సప్రమాణత ఉండాలి, అంటే కొలవాల్సినదాన్నే కొలవాలి; విశ్వసనీయత ఉండాలి, అంటే మళ్లీ కొలిచినా అదే రావాలి; వస్తునిష్ఠత ఉండాలి, అంటే ఇద్దరు వేరువేరుగా కొలిచినా ఒకే ఫలితం రావాలి అని అందులో నేర్పిస్తారు. దమ్ము కొలవడానికి 1943 నాటి హార్వర్డ్ స్టెప్ టెస్టు, 1968 నాటి కూపర్ 12 నిమిషాల పరుగు, బ్యాడ్మింటన్‌కు లాక్‌హార్ట్ - మెక్‌ఫర్సన్ పరీక్ష, బాస్కెట్‌బాల్‌కు జాన్సన్ పరీక్ష, ఫుట్‌బాల్‌కు మెక్‌డొనాల్డ్ పరీక్ష, అన్నీ ఉంటాయి. విద్యార్థి వాటి బొమ్మలు గీసి, గోడకు ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో రాసి మార్కులు తెచ్చుకుంటాడు. అదే విద్యార్థికి బ్యాడ్మింటన్ ఆటలో మార్కులేసేటప్పుడు ఆ పరీక్షల్లో ఒక్కటీ పెట్టరు.

ట్రాక్ మార్కింగ్ సంగతి తీసుకోండి. బయటి లేన్ల చుట్టు పొడవు ఎక్కువ కాబట్టి వాటి స్టార్టు గీత ముందుకు జరుపుతారు, ఆ దూరమే స్టాగర్. ఒక చుట్టుకు రెండో లేను స్టాగర్ 7.04 మీటర్లు, ఆరో లేనుకు 37.70. ప్రతి రికార్డులోనూ ఉంటుంది, ప్రతి వైవాలోనూ అడుగుతారు, అందరూ టకటకా చెప్పేస్తారు. ఆ అంకెలు లోపలి అంచుకు కెర్బ్ (కాస్త ఎత్తైన గట్టు) కట్టి, లేను వెడల్పు 1.22 మీటర్లున్న ట్రాకువి. మా బళ్లలో కెర్బ్ ఎక్కడిది? సున్నం గీతే. చోటు చాలక లేను మీటరు మాత్రమే వేస్తాం. అప్పుడు ఒక పూర్తి చుట్టుకు రెండో లేను స్టాగర్ 6.28 మీటర్లు, ఆరో లేనుది 31.42. మా దగ్గరికి వచ్చిన ఒక ట్రైనీ, వైవాలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే, బడి పోటీలకు మీటరు లేన్లు వేసి, స్టాగర్ మాత్రం కంఠస్థం చేసిన అంకెలతో కొలిచి గీశాడు. ఆరో లేన్లో నిలబడ్డ పిల్ల విజిల్ ఊదకముందే ఆరు మీటర్ల పైచిలుకు గెలిచేసింది. మొదటి లేన్లో వాడు ప్రాణం పెట్టి పరిగెత్తి ఓడిపోయాడు, ఎందుకు ఓడిపోయాడో వాడికి తెలీదు. నేను ఆ ట్రైనీని తప్పు పట్టను. టేపు, తాడు, సున్నం చేతికిచ్చి, వంకర టింకర గ్రౌండు చూపించి "ఇక్కడ వెయ్యి" అని అతణ్ని ఎవరూ పరీక్షించలేదు. అంకె చెప్పాడు, మార్కు పడింది.

టీచింగ్ ప్రాక్టీసు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇక్కడే. ఎనిమిదో తరగతి, 48 మంది. ట్రైనీ అమ్మాయి డాడ్జ్‌బాల్ ఆడించింది. బంతి ఒకటే. తగిలినవాళ్లు బయటికి. పది నిమిషాలయ్యేసరికి సగం మంది గట్టు మీద కూర్చుని ఇసుకలో గీతలు గీసుకుంటున్నారు. ముందుగా బయటికి పోయింది ఎవరు? సరిగా పరిగెత్తలేనివాళ్లు, బొద్దుగా ఉన్నవాళ్లు, బంతంటే భయపడేవాళ్లు. ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అన్నిటికంటే తక్కువ దక్కింది. తగిలినవాళ్లు బయటికి పోకుండా అవతలి జట్టులో చేరాలి అని ఒక్క నియమం మారిస్తే 48 మందీ చివరిదాకా కదులుతూనే ఉంటారు. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పాల్సిన సూపర్‌వైజర్ గారు అక్కడే ఉన్నారు. లెసన్ ప్లాన్ చూశారు, చార్టు చూశారు, యూనిఫాం చూశారు, లాన్‌యార్డుకు విజిలుందో లేదో చూశారు. గట్టు మీద కూర్చున్న పిల్లల వైపు చూడలేదు. ఆయన చేతిలో ఉన్న షీటులో అందుకు గడి లేదు మరి. ఎంతమంది పిల్లలు, ఎన్ని నిమిషాలు, నిజంగా ఆటలో ఉన్నారో లెక్కపెట్టే పద్ధతిని వ్యాయామ విద్యా పరిశోధకుడు డారిల్ సీడెన్‌టాప్, ఆయన సహచరులు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో నాలుగు దశాబ్దాల కిందటే తయారుచేశారు. దానికి కావలసింది ఒక గడియారం, ఒక పెన్సిలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన పీరియడే 40, 45 నిమిషాలు. అందులో గట్టు మీద గడిచినదెంతో లెక్క లేకపోతే ఇక మనం నేర్పించినది ఏమిటి?

లెసన్ ప్లాన్ రికార్డుల గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. సీనియర్‌ది జూనియర్‌కు వస్తుంది, అట్ట మారుతుంది. కిందటేడు తేదీలు కూడా మార్చకుండా దించిన పేజీల మీద ఈ ఏటి సంతకాలు చూశాం. వారం లెసన్లకు ఒకేరోజు, హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కింద కూర్చుని పెట్టిన సంతకాలూ చూశాం.

క్యాంపులు, వినోద కార్యక్రమాలది ఇంకో కథ. బ్యానరు కట్టి ఫొటో, హాజరు పట్టీ, క్యాంప్‌ఫైర్ దగ్గర డాన్సు. మార్కులు అందరికీ నిండుగా. ఇదేదో చిన్న విషయమని అనుకోకండి. అమెరికాలో రిక్రియేషన్ అండ్ లీజర్ స్టడీస్ అని విడిగా డిగ్రీలున్నాయి. పార్కులు, కమ్యూనిటీ సెంటర్లు, వృద్ధుల కార్యక్రమాలు నడిపేవాళ్లు ఆ చదువు చదివి వస్తారు. అలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే సీఓఏపీఆర్‌టీ అనే మండలి కనీసం 400 గంటల ఇంటర్న్‌షిప్ అడుగుతుంది. విద్యార్థి ఏం నేర్చుకున్నాడో నేరుగా కొలిచిన ఆధారాలు చూపమంటుంది, వాటిని చూసి కోర్సులో ఏం మార్చారో చెప్పమంటుంది. మన దగ్గర అలాంటి డిగ్రీలు దాదాపు లేవు కాబట్టి ఆ పనంతా బీపీఈడీ వాళ్ల మీదే పడుతోంది. వేసవి శిబిరాలు, క్లబ్‌హౌసులు, పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు, వృద్ధాశ్రమాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాలు, ఇవన్నీ. అరవై ఏళ్లు దాటిన మోకాళ్ల నొప్పుల మనుషుల చేత ఏ ఆట ఆడించాలో, ఎక్కడ ఆపాలో తెలుసా అని ఆ అభ్యర్థిని రెండేళ్లలో ఎవరూ అడిగి ఉండరు.

ఇక కాలేజీల నాణ్యతను తనిఖీ చేసే న్యాక్ సంగతి. కోర్సు అవుట్‌కమ్స్, ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్, వాటి అటైన్‌మెంటు (విద్యార్థి ఏం నేర్చుకోవాలి, ఎంతవరకు నేర్చుకున్నాడు) అంటూ ప్రతి కాలేజీ ఎక్సెల్ షీట్లు నింపుతోంది. దశాంశ స్థానాలతో సహా నింపుతోంది. ఆ షీట్లలోకి వెళ్లేవి పైన చెప్పిన మార్కులే. గాల్లోంచి వచ్చిన అంకెకు ఎన్ని దశాంశాలు తగిలించినా అది గాల్లోదే.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా చెప్తాం.

1. ఆటల పీరియడ్ పోతోంది. పదో తరగతి సిలబస్ అవలేదని లెక్కల మాస్టారు అడిగితే హెడ్మాస్టరు ఇచ్చేస్తారు. మేం వద్దంటే "ఆ పీరియడ్లో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చూపించు" అంటారు. చూపించడం మాకు ఎవరూ నేర్పలేదు. పరీక్షించడం చేతనైన ఉపాధ్యాయుడు "జూన్‌లో ఈ పిల్లల్లో ఇంతమంది 600 మీటర్లు ఆగకుండా పరిగెత్తలేకపోయారు, నవంబరుకు ఇంతమంది పరిగెత్తారు" అని కాగితం చూపించగలడు. అది చేతకానివాడు పీరియడ్ వదులుకుని వరండాలో నిలబడతాడు. విద్యాహక్కు చట్టం 2009లోనే ఆటస్థలం బడికి ఉండి తీరాల్సిన వాటిలో ఒకటని రాశారు. స్థలం ఉన్నచోట కూడా పీరియడ్ లేకపోతే అది గేదెలకు పనికొస్తుంది.

2. ప్రాణాల మీదికొస్తోంది. ఎండలో ప్రార్థనకు నిలబడ్డ పిల్ల కళ్లు తిరిగి పడిపోతుంది. కబడ్డీలో భుజం జారుతుంది. బీపీఈడీలో ప్రథమ చికిత్స ఐదు మార్కుల ప్రశ్న. జారిన భుజాన్ని లాగి ఎక్కించబోయిన కొత్త ఉపాధ్యాయుణ్ని ఆపిన సందర్భం మాలో ఒకరికి ఉంది. లాగకూడదని, కదలకుండా కట్టి ఆసుపత్రికి పంపాలని అతను పరీక్షలో రాసే ఉంటాడు. చేతులు మాత్రం ఎప్పుడూ చేసి చూడలేదు. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో ఛాతీ మీద ఎంత లోతుకు, ఎంత వేగంగా నొక్కాలో బొమ్మ మీద ఒక్కసారీ చేయకుండానే పట్టా చేతికొస్తోంది.

3. ప్రభుత్వం సేకరిస్తున్న లెక్కలు చెడిపోతున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకం ఫిట్‌నెస్ పరీక్షల్లో చిన్నపిల్లలకు ఎత్తు - బరువు నిష్పత్తి, ఫ్లమింగో బ్యాలెన్స్ (ఒంటికాలి మీద నిలబడటం), ప్లేట్ ట్యాపింగ్ (చేత్తో రెండు పలకలను వేగంగా తాకడం). తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు 50 మీటర్లు, 600 మీటర్లు, సిట్ అండ్ రీచ్ (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగడం), కర్ల్ అప్స్, పుష్ అప్స్ ఉంటాయి. కొలిచేది మేమే. సిట్ అండ్ రీచ్‌లో మోకాలు కొంచెం లేపినా కొలత మారిపోతుంది. ఒకే పిల్లను ఇద్దరు ఉపాధ్యాయులు కొలిస్తే రెండు అంకెలు వస్తున్నాయి. ఆ అంకె తల్లిదండ్రుల చేతికి వెళ్తుంది. పిల్ల వంగలేకపోతోందని ఒక ఇంట్లో దిగులు, బాగానే ఉందని ఇంకో ఇంట్లో ధీమా, రెండూ తప్పే కావచ్చు. కొలవడం రాని వాళ్లను కొలతకు పంపింది మీరే.

4. కొందరు పిల్లలు ఎప్పటికీ గట్టు మీదే ఉండిపోతున్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో వాళ్లకు మిగతావాళ్లతో సమానంగా అవకాశం ఇవ్వాలని స్పష్టంగా చెప్తోంది. చూపు సరిగా లేని పిల్లవాడు క్లాసులో ఉంటే ఖో-ఖోను ఎలా మార్చి ఆడించాలి? ఈ ప్రశ్న థియరీ పేపర్లో రావచ్చు, గ్రౌండులో ఎవరూ వేయరు. పెద్దమనిషైన తర్వాత ఆటలు మానేసే ఆడపిల్లల సంగతి సరేసరి. వాళ్లను మళ్లీ గ్రౌండులోకి తేగలిగిన ట్రైనీకి ఒక్క మార్కు ఎక్కువ వేసే షీటు లేదు.

5. చివరికి నష్టపోయేది బీపీఈడీ చదివిన పిల్లలే. వీళ్లలో చాలామంది కూలీ ఇళ్ల నుంచి, చిన్న కమతాల నుంచి వచ్చినవాళ్లు. డిగ్రీ తర్వాత రెండేళ్లు, ఫీజులు, హాస్టలు, షూలు. అందరికీ ఒకేలాంటి మార్కులుంటే పట్టాను నమ్మేదెవరు? ప్రైవేటు బడి వాళ్లు ఉద్యోగమిచ్చి బస్సు డ్యూటీ, గేటు డ్యూటీ, అల్లరి పిల్లల్ని అదిలించే డ్యూటీ వేస్తున్నారు. ఆటలు నేర్పించడానికి పిలిచిన మనిషి ఎందుకిలా అయ్యాడంటే, అతనికి ఏం వచ్చో ఆ మార్కుల జాబితాలో యాజమాన్యానికి కనపడదు. అన్యాయం జరిగిందని అనుమానమొచ్చినా అడిగే దారి లేదు. థియరీకి రీవాల్యుయేషన్ ఉంది. ప్రాక్టికల్‌కు చూడ్డానికి కాగితమే ఉండదు, ఇంకేం తిరిగి చూస్తారు?

మీ ఇబ్బందులు మాకు తెలీనివి కావు. పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఉన్నవాళ్లు కాంట్రాక్టు మీద ఉన్నారు, తక్కువ మార్కులేస్తే యాజమాన్యం ఊరుకోదు. కొన్ని కాలేజీలకు గ్రౌండు తనిఖీ రోజున మాత్రమే ఉంటుంది. ఎగ్జామినర్‌కు ఇచ్చే భత్యం దారి ఖర్చుకే సరి. ఇవన్నీ నిజమే. కానీ మేం అడిగేవాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. ప్రతివాడి జేబులో ఫోనుంది, అందులో స్టాప్‌వాచ్ ఉంది, కెమెరా ఉంది.

ఇంకో మాట. పీఈసెట్‌లాగే చివర్లోనూ గడియారం పట్టి మార్కులేస్తే సరిపోతుందని మేం అనడం లేదు. అలా చేస్తే పుట్టుకతో వేగమున్నవాడే ఫస్టు వస్తాడు. 12 సెకన్లలో 100 మీటర్లు పరిగెత్తి చేరినవాడు రెండేళ్ల తర్వాతా అదే 12లో పరిగెత్తితే అందులో కాలేజీ చేసిందేమిటి? 15 సెకన్లతో వచ్చి 14కు దిగి, పక్కవాడి స్టార్టులో తప్పేమిటో చూసి చెప్పగలిగే పిల్ల మాకు కావలసిన ఉపాధ్యాయురాలు. ఎక్కువమందిని ఫెయిల్ చేయమనీ అడగడం లేదు. ఏది రాలేదో ముందే చెప్పి, నేర్చుకోవడానికి టైమిచ్చి, మళ్లీ చూడమంటున్నాం.

మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి ప్రాక్టికల్‌కూ స్కోరు షీటు అచ్చువేసి సెమిస్టరు మొదటి వారంలోనే విద్యార్థుల చేతికివ్వాలి. దేనికెన్ని మార్కులో, ఏం చేస్తే వస్తాయో అందులో ఉండాలి. "జనరల్ ఇంప్రెషన్" అనే గడి తీసేయాలి.

2. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ విడివిడిగా, ఒకరి షీటు ఒకరు చూడకుండా మార్కులేయాలి. తేడా మీరు నిర్ణయించిన హద్దు దాటితే ఆ విద్యార్థిని అప్పటికప్పుడు మళ్లీ పరీక్షించాలి. ప్రతి విద్యార్థి ప్రదర్శననూ ఫోనులో వీడియో తీసి ఫలితాలొచ్చి అభ్యంతరాల గడువు ముగిసేదాకా ఉంచాలి.

3. ఒక ఎగ్జామినర్ ఒక రోజులో ఇరవై మందికి మించి పరీక్షించకూడదు. అరవై మంది ఉంటే మూడు రోజులు. పట్టాకు రెండేళ్లు పడుతున్నప్పుడు పరీక్షకు మూడు రోజులు ఎక్కువ కాదు.

4. ప్రథమ చికిత్స, సీపీఆర్, గ్రౌండ్ మార్కింగ్ ఈ మూడింటికీ మార్కులు వద్దు. చేతితో చేసి చూపించాలి, వచ్చిందా రాలేదా అంతే. రాకపోతే అదనపు ఫీజు లేకుండా ఎన్నిసార్లైనా మళ్లీ చేసే అవకాశం ఉండాలి. వచ్చేదాకా పట్టా ఆపాలి. మార్కింగ్‌కు కొలతలు ఎగ్జామినర్ అక్కడికక్కడే ఇవ్వాలి, రికార్డులో ఉన్నవి కాదు.

5. చేరినప్పటి పీఈసెట్ కొలతలు కాలేజీకి అందాలి. ప్రతి సెమిస్టరు చివర అదే పద్ధతిలో మళ్లీ కొలవాలి. పెరుగుదలకూ మార్కులుండాలి. గాయాలైనవాళ్లకు, గర్భిణులకు వేరే ఏర్పాటు నిబంధనల్లోనే రాయాలి. ఇప్పుడు అది పూర్తిగా ప్రిన్సిపాల్ గారి దయ.

6. టీచింగ్ ప్రాక్టీసు మార్కుల్లో కొంత వాటా ఆ బడి వ్యాయామ ఉపాధ్యాయుడికివ్వాలి. రోజూ చూసేది అతనే. పరిశీలన షీటులో పిల్లలు కదిలిన నిమిషాలు, ఖాళీగా కూర్చున్నవాళ్ల సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. సూపర్‌వైజర్ ఎప్పుడొచ్చారో, ఎంతసేపున్నారో బడి రిజిస్టరులో రాయాలి. లెసన్ అయ్యాక అక్కడే ట్రైనీతో పది నిమిషాలు మాట్లాడాలి, ఏం మార్చుకోవాలో రాసివ్వాలి.

7. క్యాంపుకు ఫొటోలు, హాజరు చాలవు. ప్రతి విద్యార్థీ తన ఈడు కాని ఒక బృందానికి, అంటే అంగన్‌వాడీ పిల్లలకో, పెద్దవాళ్లకో, దివ్యాంగులున్న క్లాసుకో ఒక వినోద కార్యక్రమం తయారుచేసి నడిపించాలి. అందులో పాల్గొన్నవాళ్లను కూడా అడిగి మార్కులేయాలి.

8. ప్రాక్టికల్ మార్కుల షీటు నకలు అడిగిన విద్యార్థికి ఇవ్వాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు ఉండాలి, చూసేది మార్కులేసిన మనిషి కాకుండా వేరేవాళ్లై ఉండాలి.

వీటిలో మొదటి నాలుగింటికి పాఠ్యప్రణాళిక మార్చక్కర్లేదు, వచ్చే సెమిస్టరు ప్రాక్టికల్స్ షెడ్యూలు ఇచ్చేలోపు ఒక సర్క్యులర్ వేస్తే చాలు. మిగతావి పాఠ్య మండలి సమావేశం అజెండాలో పెట్టండి. ఆ సమావేశానికి బడుల్లో పనిచేసేవాళ్లను ఇద్దర్ని పిలవండి, మా ఖర్చులతో మేమే వస్తాం. గ్రౌండ్ మార్కింగ్, ప్రథమ చికిత్స, టీచింగ్ ప్రాక్టీసు స్కోరు షీట్ల ముసాయిదాలు తయారుచేసి పెట్టుకున్నాం, అడిగిన విశ్వవిద్యాలయానికి అడిగిన రోజే పంపిస్తాం. షెడ్యూలు వెలువడేదాకా జవాబు రాకపోతే, ఆ స్కోరు షీట్లు పూర్తిగా అమలయ్యే కాలేజీల ట్రైనీలనే మా బడుల్లోకి అనుమతించమని మా జిల్లాల విద్యాశాఖ అధికారులకు రాతపూర్వకంగా ఇస్తాం. అది మాకు ఇష్టమైన పని కాదు.

ఇట్లు,
తోటి వ్యాయామ ఉపాధ్యాయుల తరఫున,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు